రాగితీగ గ్రూపులో చీపురు పట్టిన రోజులు

జూన్ 3, మంగళవారం

ఇందుమూలముగా సమస్త మోటారు వైండింగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: నేటి ఉదయం పదకొండు గంటల పది నిమిషాల నుండి 'రాగితీగ మిత్రులు' అను ఫోను గ్రూపులో గులాబీ పువ్వులు, పొట్ట కరిగించు పొడులు, అమ్మకానికి ఉన్న స్థలాలు, పదకొండు మందికి పంపనిచో అరిష్టము చుట్టుకొను మెసేజీలు, ఆవలించు పిల్లుల వీడియోలు సంపూర్ణముగా నిషేధించడమైనది. ఉల్లంఘించువారు ఎంతటివారైనను, ఎవరి బావమరిది అయినను, ఉపేక్షింపబడరు. ఇట్లు, అడ్మిన్. అనగా నేను.

ఈ శాసనాన్ని గ్రూపులో వేశాను. దాని కింద వచ్చిన మొదటి జవాబు ఒక గులాబీ.

పొద్దున గురువుగారు ఇంటికి పిలిపించారు. నాతో సహా రెండు వందల పద్నాలుగు మందికి మోటారు చుట్టడం నేర్పి, వాళ్ళందరితో గ్రూపు కట్టించిన మనిషి. ఆ గ్రూపుకి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. కాలిన మోటారుకి తీగ ఎంత లావో, అంటే ఏ గేజో, ఎన్ని చుట్లో తెలియనివాడు అడగాలి. తెలిసినవాడు తాను రాసుకున్న పుస్తకంలో ఆ పేజీని ఫోటో తీసి పెట్టాలి. ఇప్పుడు ప్రశ్న కింద పువ్వు, పువ్వు కింద పొడి, పొడి కింద పిల్లి. జవాబు వచ్చినా దాన్ని తవ్వి తీయడానికి పార కావాలి.

గురువుగారు అన్నారు: "ఒరేయ్, నా కళ్ళు మసకబారాయిరా. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటున్నాయి. ఆ చెత్తలో సగం నువ్వు పోసిందే కాబట్టి చీపురు నువ్వే పట్టు."

జాలేసింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. వెంట్రుకంత తీగలతో బతికే పనిలో కళ్ళు పోతే ఇంకేముంది. పాపం.

ఈ డైరీలో గీతలు మరీ సన్నగా కొట్టారు. కంపెనీవాడు సిరా మిగుల్చుకుంటున్నట్టున్నాడు.

జూన్ 4, బుధవారం

ప్రెస్సు ఓనరుగారి మోటారు విప్పాను. కాగితాలు మడతపెట్టే మిషనుది. విదేశీ సరుకు, నాకన్నా ముసలిది, వివరాలు చెక్కిన పేరు రేకు అరిగి నున్నగా అద్దమైపోయింది. పాత తీగ కోసి పీకేశాను. నమూనాకి ఒక చుట్ట పౌడరు డబ్బాలో వేసి మేకుకి తగిలించాను. వేళ్ళతో నలిపితే తీగ కాస్త లావుగా తగిలింది. గేజి ప్లేటు కంతలో దూర్చి పక్కన అంకె చూస్తే ఇరవై ఐదు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. నా వేళ్ళకి వయసొచ్చింది గానీ ప్లేటుకి రాలేదు కదా. ఇరవై ఐదే.

అయినా లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది. గ్రూపులో మోటారు ఫోటో పెట్టి అడిగాను: "ఈ రకం ఎవరైనా చుట్టారా? గేజి ఎంత?"

మధ్యాహ్నం గంటసేపు ఊడ్చాను. మొత్తం నలభై ఒకటి. గులాబీలు తొమ్మిది, అన్నీ ఒకే మనిషివి. మంచి పనివాడు, పేరు ఏదో ఉండేది, ఇప్పుడు అందరూ వాణ్ణి గులాబీ అనే పిలుస్తారు. పొడులు ఆరు. మా బావమరిది స్థలాలు పద్నాలుగు. ఎవరిదో చేతిరాతతో చిట్కావైద్యం కాగితం ఒకటి, కషాయం కొలతలు కాబోలు, అంకెలన్నీ చీమల్లా పాకుతున్నాయి. పిల్లి ఒకటి. మిగతావి శుభోదయాలు. ఎవడు పంపాడో పేర్లు చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. బొటనవేలు ఆనించడం, తీసిపారేయడం.

పిల్లిని మాత్రం ఉంచాను. అది నేను పెట్టింది.

జూన్ 5, గురువారం

నా ప్రశ్నకి జవాబు లేదు. రెండు వందల పద్నాలుగు మందిలో ఒక్కడికీ నోరు పెగల్లేదు. ఆ చిట్కావైద్యం వాడు మాత్రం అదే కాగితం మళ్ళీ పెట్టాడు. తీసేశాను.

జూన్ 7, శనివారం

ఊడ్చి లాభం లేదు. ఊడ్చిన చోటే పోస్తున్నారు. పద్ధతి మార్చాను. ఇక ప్రతి చెత్తకీ ఒక మోటారు ప్రశ్న.

గులాబీ మంచుబొట్టుతో సహా ఎర్ర గులాబీ పెట్టాడు. "తమ్ముడూ, రేకలెన్ని? రేకకి ఎన్ని చుట్లు? కాలితే మళ్ళీ చుట్టిస్తావా?" అని అడిగాను. పాపం, "అన్నా, అది పువ్వు" అని రాశాడు.

పొడివాణ్ణి అడిగాను: "మా దగ్గర ముప్పై ఎనిమిది కేజీల మోటారు ఉంది. పరగడుపున ఎన్ని చెంచాలు పోయాలి?" నిమిషంలో జవాబు: "మోటారుగారికి ఉదయం రెండు, సాయంత్రం రెండు. నెలలో తేడా మీకే తెలుస్తుంది." వాడు మనిషో మిషనో తేల్చుకోలేక భోజనం చల్లారిపోయింది.

బావమరిదికి: "స్థలాలు మా అందరికీ తెగ నచ్చాయి. రేపు పదింటికి రెండు వందల పద్నాలుగు మందీ కుటుంబాలతో వస్తున్నాం."

ఇంతలో చిట్కావైద్యం వాడు ముచ్చటగా మూడోసారి. ఈసారి ఊరుకోలేదు. ఆ కాగితం కిందే అందరూ చూసేలా రాశాను: "అయ్యా వైద్యులవారూ, ఇది మోటార్ల గ్రూపు, మూలశంక గ్రూపు కాదు. మీ లేహ్యం మీరే నాకండి." రాసి, కాగితం తీసేశాను.

నవ్వు బొమ్మలు వరద కట్టాయి. తొంభై ఆరు లెక్కపెట్టాను. నా యాభై మూడేళ్ళ బతుకులో ఒక్క మాటకి ఇంతమంది నవ్వడం ఇదే మొదలు.

సాయంత్రం ఇరవై ఐదు గేజితో చుట్టడం ముగించి మోటారు ఆడించాను. పావుగంటకే ఒళ్ళు కాలిపోయింది. వార్నిషు వాసన, సన్నగా పొగ. ఆపేశాను. తీగ కంపెనీ వాడు ఈ మధ్య దొంగసరుకు అంటగడుతున్నాడు.

జూన్ 8, ఆదివారం

బావమరిది చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు.

"బావా, అసలు నువ్వు మనిషివేనా? మూడు వందల కుర్చీలు వేయించాను!"

"ఎంతమంది వచ్చారేంటి?"

"ఒక్కడు."

"ఒక్కడైనా వచ్చాడుగా. కొంటాడా?"

"వాడు కుర్చీలవాడు బావా!"

నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ అక్కడే కుట్టుమిషను ముందు ఎవరివో ప్యాంట్లు పొట్టి చేస్తోంది. "నా తమ్ముణ్ణి ఏడిపించకపోతే మీకు అన్నం అరగదా? అసలు స్థలాలమ్మేవాణ్ణి ఆ మోటార్ల గ్రూపులో చేర్చిందెవరు?" అంది.

చేర్చింది నేనే. అప్పట్లో సరదాగా అనిపించింది. ఇప్పుడు ఆ చర్చ అనవసరం.

"సరే గానీ, ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టండి" అంది. నాలుగుసార్లు ప్రయత్నించాను. దారం పీచు లేచిపోయి ఉంది, మంచి రకం కాదు. మా ఆవిడ సూది లాక్కుని ఒక్కసారికే ఎక్కించింది. దానికేం, కళ్ళజోడు ఉంది.

జూన్ 9, సోమవారం

గురువుగారు గ్రూపులో రాశారు: "ఈ నెలాఖరుకి గ్రూపు మూసేస్తున్నాను. నా పుస్తకాలు ఇక నా దగ్గరే ఉంటాయి."

అంతే. ఇంకో ముక్క లేదు. అంత మసక కళ్ళతో ఆ రెండు వాక్యాలు ఎలా కొట్టారో. ఈ చెత్త ఆ పెద్దాయన్ని ఎంత నొప్పించి ఉండాలి. ఒక్కొక్కడి సంగతీ తేలుస్తాను.

అందరికీ ఎవడి పుస్తకం వాడికి ఉంది. నాకు లేదు. ఎనిమిదో తరగతి మధ్యలో గోడ దూకినవాణ్ణి, పుస్తకమంటే అప్పటినుంచీ పడదు. ముప్పై ఏళ్ళుగా ఆయనే నా పుస్తకం. ముందు ఇంటికెళ్ళి అడిగేవాణ్ణి, తర్వాత గ్రూపులో అడిగేవాణ్ణి. ఇది మూతపడితే నా కొట్టు షట్టరు కూడా దించుకోవచ్చు.

జూన్ 10, మంగళవారం

కొత్త తీగ చుట్ట తెప్పించి, అదే ఇరవై ఐదు గేజితో మళ్ళీ చుట్టాను. మళ్ళీ కాలింది. ఈసారి పన్నెండు నిమిషాలు.

సరిగ్గా అప్పుడే ప్రెస్సు ఓనరుగారు గుమ్మంలో.

"ఏమయ్యా, మోటారు ఇస్తే పొగ చూపిస్తున్నావు?"

"వార్నిషు ఆరుతోందండీ."

"ఇరవై రెండేళ్ళుగా నీ వార్నిషు చూస్తున్నాను. బడి పుస్తకాలు మడతలు పడక గుట్టలుగా పడున్నాయి. సోమవారం పొద్దున్నకి అది తిరక్కపోతే వీధి చివర కొత్త కొట్టుకి తోసుకెళ్తాను. మొహమాటం ఉండేది, అది కూడా నీ మోటారుతోపాటే కాలిపోయింది."

గేజి మీద అనుమానం పెరుగుతోంది. కానీ గురువుగారి ఇంటికెళ్ళి "రెండుసార్లు కాల్చాను" అని ఏ మొహంతో చెప్పను? గ్రూపు శుభ్రపడితే చాలు, ఎవరో ఒకరు చెప్పకపోరు.

జూన్ 11, బుధవారం

నా బుర్ర మీద నాకే ముద్దొస్తోంది. గ్రూపులో ఇలా వేశాను:

"మిత్రులారా, గురువుగారి చూపు బాగా తగ్గింది. అందుకని మనవరాలు ఆయన ఫోనుని, వచ్చిన ప్రతి మెసేజీ పైకి చదివేలా మార్చి, ఇంటి ముందు పెద్ద స్పీకరుకి కలిపింది. పంపినవాడి పేరుతో సహా వీధంతా మోగుతోంది. ఇందాక 'మీ పొట్ట మీకు బరువైందా' అని మూడుసార్లు వినపడేసరికి ఎదురింటావిడ తలుపేసుకుంది. దయచేసి గమనించగలరు."

స్పీకరు నా సొంత కల్పన. కళ్ళ సంగతి మాత్రం నిజం. అబద్ధాన్ని కాస్త నిజంలో నానబెడితే వార్నిషు పట్టినట్టు గట్టిగా నిలబడుతుంది.

జూన్ 12, గురువారం

అద్భుతం. పువ్వు లేదు, పొడి లేదు, స్థలం లేదు. తెల్లారి గులాబీ నుంచి ఒక్క మెసేజీ: "గురువుగారికి నమస్కారం. ఈ రోజు పువ్వు లేదండీ." ఇంకొకడు గురువుగారి చెవికి వినపడాలని తన పంపు మోటారు చేసే చప్పుడంతా అక్షరాల్లో రాశాడు: గుర్రు గుర్రు గుర్రు టక్.

అద్దంలాంటి ఆ గ్రూపులో నా ప్రశ్న మళ్ళీ పెట్టాను. అందరూ చూశారు. ఒక్కరూ పలకలేదు.

జూన్ 13, శుక్రవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పదకొండింటికి గురువుగారు కొట్టుకొచ్చారు. బళ్ళు రయ్యిమని పోయే రోడ్డు ఎవరి సాయం లేకుండా దాటి వచ్చారు. చంకలో తెల్ల చేతికర్ర. వెనకాల నాలుగడుగుల దూరంలో తల వేలాడేసుకుని గులాబీ. మా ఆవిడ నాకు అన్నం తెచ్చి అప్పుడే బల్ల మీద పెడుతోంది.

"నన్ను గుడ్డివాణ్ణి చేసిన మహానుభావుడు ఎవడ్రా?" అన్నారు గురువుగారు.

నేను మోటారు వెనక్కి జరిగాను.

"పొద్దున్నే వీడు వచ్చి ఈ కర్ర చేతిలో పెట్టాడు. వీడి వెనకాల ఒకడు కళ్ళలో చుక్కల మందు తెచ్చాడు. ఇంకొకడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. నేను ఆ పక్కకి వెళ్ళాలని అన్నానా? నన్ను అక్కడ వదిలేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ నేనే దాటుకుని రావలసి వచ్చింది!"

గులాబీ నా వైపు చూసి, "స్పీకరు కూడా లేదన్నా. ఇల్లంతా వెతికాను" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో. పువ్వులు పంపుకో" అన్నారు గురువుగారు. తర్వాత మేకుకున్న పౌడరు డబ్బా తీసి, నమూనా తీగ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపారు. "ఇరవై మూడు. నువ్వేం వేశావు?"

"ఇరవై ఐదండీ."

"రెండు గేజీలు సన్నమా! కాలక ఏం చేస్తుంది? వేళ్ళకి తెలియలేదా?"

"వేళ్ళకి లావుగానే తగిలిందండీ. ప్లేటు మీద ఇరవై ఐదని ఉంటేనూ..."

ఆయన ప్లేటు అందుకుని తీగ కంతలో దూర్చి, పక్కన అంకె తన గోటితో చూపించారు. నేను చూశాను. చూశానని అన్నాను.

"సరే, అది వదిలేయ్. నాలుగో తారీఖున నువ్వు అడిగిన పది నిమిషాలకే నా పుస్తకంలో ఈ మోటారు పేజీ ఫోటో తీసి పెట్టాను. తీసేశావు. పొరపాటనుకుని మర్నాడు మళ్ళీ పెట్టాను. తీసేశావు. నా అంత ఓపిక ఎవడికీ ఉండదురా, ఏడో తారీఖున మూడోసారి పెట్టాను. నాకు మూలశంక అన్నావు."

మా ఆవిడ చేతిలో క్యారేజీ మూత కింద పడి, బల్ల కిందకి దొర్లుకుంటూ పోయింది.

నేను గులాబీ కేసి చూశాను. "ఒరేయ్, నాకు చెప్పాలి కదరా!"

"నువ్వు తెలిసే అన్నావనుకున్నాం అన్నా. నువ్వు ఎవర్నీ వదలవు కదా. గురువుగారిని కూడా వదల్లేదురా వీడు అని అందరం నవ్వాం. ఆయన జవాబే తీసేస్తుంటే ఇంక మేమేం చెబుతాం?"

తొంభై ఆరు నవ్వులు. అవన్నీ మళ్ళీ ఒకసారి వినపడ్డాయి.

"గురువుగారూ, తప్పయింది. అది మీ రాత అని తెలియలేదు. ఏదో కషాయం అనుకున్నాను" అన్నాను. ఇందులో అబద్ధం లేదు.

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్న రాత తెలియలేదా?" అన్నారు. కోపం తగ్గి గొంతు మారింది. దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసి ఒక ప్రశ్న అడిగారు. అది ఇక్కడ రాయక్కర్లేదు. మా ఆవిడ విన్నది, అది చాలు.

వెళ్తూ వెళ్తూ అన్నారు: "గ్రూపు ఉంచుతాను. ఒక షరతు. నువ్వొక పుస్తకం మొదలుపెట్టు. మొదటి పేజీ ఈ మోటారుదే. ఎందుకు కాలిందో కూడా రాసి, అందరి ముందూ పెట్టు."

చేతికర్ర నా కొట్లోనే వదిలేశారు. "దాచుకో, నీకే పనికొస్తుంది" అన్నారు.

జూన్ 14, శనివారం

ఇరవై మూడు గేజి. చుట్టు చుట్టుకీ లెక్క. మా ఆవిడ జోడు పెట్టుకుని చుట్టాను. గులాబీరంగు అంచు, పక్కన రాళ్ళు పొదిగిన పువ్వు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. చూసుకోనీ. తీగలు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా కనపడుతున్నాయి. ఎంత కాలమైంది.

జూన్ 16, సోమవారం

మోటారు తిరిగింది. ప్రెస్సు ఓనరుగారు దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి గంట సేపు కుర్చీలోంచి లేవలేదు. చివరికి "చల్లగానే ఉంది" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఇరవై రెండేళ్ళలో వినలేదు.

మధ్యాహ్నం మా ఆవిడ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనడం మర్యాద, లాక్కెళ్ళింది. గోడ మీద అక్షరాల పట్టీలో పై వరస చదివాను. రెండో వరస కూడా చదివాను, అయితే అది నా ముందు కూర్చున్న ముసలావిడ చదువుతుంటే విని బట్టీ పట్టింది. డాక్టరు పట్టీ తిప్పేశాడు. తెలివైనవాడు.

కొత్త జోడుతో ఇంటికొచ్చి గ్రూపులో నా మొదటి పేజీ పెట్టాను: "కాగితం మడత మిషను మోటారు. తీగ ఇరవై మూడు గేజి. ఇరవై ఐదు వేస్తే కాలుతుంది. రెండుసార్లు వేసి చూశాను. ఇట్లు, అడ్మిన్."

వెంటనే గులాబీ: "అయ్యా వైద్యులవారూ, మీ లేహ్యం అమోఘం."

నేను కిసుక్కున నవ్వేలోగా అది మాయమైంది. కింద గురువుగారి ముక్క: "సంబంధం లేని మెసేజీ. తీసేశాను." ఆయన ఫోనులో అంత చిన్న అక్షరాన్ని ఎంత వేగంగా పట్టుకున్నారో!

తర్వాత ఈ డైరీ మొదటినుంచీ చదివాను. రాత గీతలు దాటి కొండలెక్కి దిగింది. గీతలు సన్నగా ఏమీ లేవు, నిక్షేపంలా ఉన్నాయి. తీగ కంపెనీ వాడిదీ, దారం వాడిదీ, ప్లేటుదీ కూడా ఏ తప్పూ లేదు. పోనీ, నేను తిట్టినట్టు వాళ్ళకి తెలియదు.

కానీ మూడో తారీఖు పేజీ దగ్గర ఆగిపోయాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమాడుకున్నవాడు లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. చెత్త సంగతి నిజం, చీపురు సంగతి నిజం. గురువుగారి కళ్ళ సంగతి మాత్రం పచ్చి కల్పన. ఆయన కళ్ళు మసకబారలేదు, మసకబారాయని ఆయన అననూ లేదు. ఆ రోజు ఒక చిన్న కెపాసిటరు నా చేతిలో పెట్టి, దాని మీద అంకె చదవమన్నారు. నేను తోచిన అంకె చెప్పాను. అప్పుడు ఆయన అన్నది ఇదీ: "ఒరేయ్, నీ కళ్ళు పోతున్నాయి. రేపే డాక్టరుకి చూపించుకో. అప్పటిదాకా గేజి ప్లేటు ముట్టుకోకు."